పీఐడీ సున్నా అంది, హీటర్ వినలేదు: పలాసలో ఒక బోర్మా కేస్ స్టడీ

పలాస దగ్గర ఒక జీడిపప్పు యూనిట్‌లో 9 కిలోవాట్ల కరెంటు బోర్మా, అంటే పప్పు ఆరబెట్టే వేడిగాలి పెట్టె, ఉంది. జీడిపిక్కను ఆవిరి పట్టి, పెంకు కోసి తీసిన పప్పును ట్రేలలో పరిచి అందులో 70 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు ఆరబెడతారు. తేమ తగ్గి పప్పు మీది ఎర్రపొర వదులైతేనే పీలింగ్ బల్లల దగ్గర ఆడవాళ్ల చేతిలో పప్పు విరగకుండా పొర ఊడొస్తుంది. వేడి చాలకపోతే పొర పట్టేసి కూర్చుంటుంది. ఎక్కువైతే పప్పు రంగు మారుతుంది. డబ్ల్యూ-320గా అమ్మాల్సిన తెల్ల గుండు మాడితే ఎస్‌డబ్ల్యూ (స్కార్చ్‌డ్ హోల్స్, అంటే మాడిన గుండు) గ్రేడులోకి దిగిపోతుంది, రేటు కూడా దాంతోపాటే దిగుతుంది.

ఒక రాత్రి బ్యాచ్ చివర్లో అదే జరిగింది. షెడ్డులో పడుకున్న కుర్రాడు మాడు వాసనకి లేచాడు. "డిస్‌ప్లేలో 103 ఉంది బాబూ. హీటర్ స్విచ్ కట్టేసినాను. ఐనా ఎక్కుతానే ఉంది. ఏటి సెయ్యాలో తెలీక మెయిన్ లాగేసినాను" అని మర్నాడు చెప్పాడు. ఆ కంగారులో వాడు చేసిన పని సరైనదే. ఆ ప్యానెల్‌లో హీటర్‌ను నిజంగా ఆపగలిగింది ఆ మెయిన్ స్విచ్ ఒక్కటే.

"ఎస్ఎస్ఆర్ పోయుంటాది. ఒకటి మార్చెయ్యండి, మధ్యాహ్నానికి సరుకు ఎక్కించాలి" అన్నారు యజమాని. ఆయన ఊహ నిజమే, హీటర్‌కు కరెంటు కలిపి తెంపే సాలిడ్ స్టేట్ రిలే, అంటే ఎస్ఎస్ఆర్, పోయింది. మార్చడం పది నిమిషాల పని. కానీ ఆ ప్యానెల్‌లో హీటర్‌ను ఆపాల్సినవి మూడున్నాయి: వేడి కొలిచి హీటర్‌కు ఎంత పవర్ ఇవ్వాలో తేల్చే పీఐడీ కంట్రోలర్, దాని హై-టెంపరేచర్ అలారం, ప్యానెల్ తలుపు మీది స్విచ్. మూడూ వాటి పని అవి చేశాయి. హీటర్ మాత్రం ఆగలేదు. కాబట్టి పోయిన ఎస్ఎస్ఆర్ కన్నా ఆ ప్యానెల్ వైరింగే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది.

పాత ప్యానెల్

హీటర్లు ఆరు, ఒక్కోటి 1.5 కిలోవాట్ల ఫిన్ హీటర్. ఫేజుకు రెండు చొప్పున ప్యారలల్‌లో కలిపి, స్టార్ కట్టి, అంటే మూడు ఫేజుల హీటర్ల అవతలి కొసలను ఒకచోట కలిపి, ఆ స్టార్ పాయింటుకు న్యూట్రల్ ఇచ్చారు. అంటే ఫేజుకు 3 కిలోవాట్లు, 230 వోల్టుల దగ్గర 13 యాంపులు. మొదట్లో ఇదంతా ఒక కాంటాక్టర్ (కాయిల్‌కు కరెంటిస్తే పాయింట్లు కలిసే పెద్ద స్విచ్), ఒక థర్మోస్టాట్‌తో నడిచేదట. కాంటాక్టర్ ఇరవై సెకన్లకోసారి టపటపా కొట్టుకోవడం, పాయింట్లు కాలి అతుక్కోవడం, ట్రేల దగ్గర వేడి అటూ ఇటూ ఊగడం చూసి ఎవరో ప్యానెల్ మేస్త్రీతో పీఐడీ, మూడు ఎస్ఎస్ఆర్‌లు పెట్టించుకున్నారు. ఆ మార్పు తప్పేమీ కాదు. రోజంతా కొట్టుకునే పనికి కాంటాక్టర్‌ను వాడితే దాని ఆయుష్షు లెక్కపెట్టుకోవాల్సిందే. నిమిషానికి మూడుసార్లు చొప్పున రోజుకు 4,320 ఆపరేషన్లు. ఏడాది తిరక్కుండానే పది లక్షలు దాటుతాయి. ఎస్ఎస్ఆర్‌లో అరిగే పాయింట్లే లేవు.

దీని పని విధానం తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఇన్‌పుట్ వైపు లోపల ఒక చిన్న ఎల్ఈడీ ఉంటుంది. పీఐడీ నుంచి 12 వోల్టుల డీసీ వస్తే అది వెలుగుతుంది. ఆ వెలుతురు అవతలి వైపు ట్రయాక్ అనే సెమీకండక్టర్ స్విచ్‌నో, ఎదురుబొదురుగా కట్టిన రెండు ఎస్‌సీఆర్‌లనో (అవీ అలాంటి స్విచ్‌లే) ఆన్ చేస్తుంది. ఇవతలి 12 వోల్టులకూ అవతలి 230కీ మధ్య తీగ లేదు, వెలుతురే ఉంది. జీరో-క్రాస్ రకమైతే ఏసీ వేవ్ సున్నా దగ్గరకు వచ్చినప్పుడే ఆన్ అవుతుంది, కరెంటు సున్నాకు వచ్చినప్పుడు ఆఫ్ అవుతుంది. అందుకే హీటర్ లాంటి లోడుకు స్పార్కు లేదు, రేడియోలో గరగర లేదు. 2 సెకన్ల సైకిల్ టైమ్ పెట్టుకుంటే అందులో 100 పూర్తి వేవ్‌లు పడతాయి, కాబట్టి పవర్‌ను ఒక్కో శాతం చొప్పున కూడా దిద్దుకోవచ్చు. 70 డిగ్రీల సెట్‌పాయింట్ చుట్టూ ఒక డిగ్రీ లోపల నిలబడే బోర్మా కాంటాక్టర్‌తో ఎప్పటికీ రాదు.

ఇదంతా నిజమే. ఎస్ఎస్ఆర్ పోతే ఎక్కువగా షార్ట్ అయి పోతుందన్నదీ అంతే నిజం. ఇన్‌పుట్ తీసేసినా అవుట్‌పుట్ కలిసే ఉంటుంది. ప్యానెల్ గీసేవాళ్లు డ్రాయింగ్ మొదలుపెట్టకముందే ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆ రాత్రి లెక్క

పవర్ మొత్తం తీసి, హీటర్ వైర్లు విప్పి, మూడు ఎస్ఎస్ఆర్‌ల అవుట్‌పుట్ టెర్మినళ్ల మధ్య మీటర్ పెట్టాను. పక్కవి రెండూ మెగాఓముల్లో చూపించాయి. మధ్యలో ఉన్న వై (పసుపు) ఫేజు ఎస్ఎస్ఆర్ ఒక ఓము కూడా లేదు. నిండుగా షార్ట్.

అంటే ఆ రాత్రి పీఐడీ ఏమన్నా సరే, వై ఫేజు 3 కిలోవాట్లు ఆగకుండా నడిచాయి. మొత్తం 9లో మూడో వంతే కదా, అంత వేడెలా ఎక్కింది అని యజమాని అడిగారు. సరైన ప్రశ్న. కొత్త ఎస్ఎస్ఆర్ వేశాక ఒక బ్యాచ్ పక్కనే కూర్చుని పీఐడీ అవుట్‌పుట్ శాతం రాసుకున్నాను. వేడెక్కేటప్పుడు 100. సెట్‌పాయింట్ చేరాక, పప్పులో తేమ ఉన్నంతసేపు 27 దగ్గర. చివరి గంటల్లో తేమ తగ్గిపోయి 16 శాతం. 9 కిలోవాట్లలో 16 శాతమంటే 1.44 కిలోవాట్లు. బయట 30 డిగ్రీలుంటే లోపల 70 నిలబెట్టడానికి, అంటే 40 డిగ్రీలు పైకి లేపి ఉంచడానికి, ఆ సమయంలో అంతే చాలు. అదే పనికి ఆగకుండా 3 కిలోవాట్లు పోతుంటే పెరుగుదల రెండింతలు దాటుతుంది. లెక్కకి 110 పైన ఎక్కడో ఆగాలి. కుర్రాడు చూసేసరికి 103.

బ్యాచ్ మొదట్లో పోయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. 27 శాతమంటే 2.4 కిలోవాట్లు. 3 కిలోవాట్లు దానికి కాస్త ఎక్కువ, అంతే. వేడి నెమ్మదిగా పాకుతుంది. హీటర్ పెద్దదైతే ప్రమాదం త్వరగా బయటపడుతుంది, ఇలాంటి మూడో వంతు షార్టు మాత్రం మెల్లగా, చప్పుడు లేకుండా సరుకును తినేస్తుంది. ఎంసీబీ ఎందుకు పడలేదని కూడా అడిగారు. ఎందుకు పడాలి? పోయే కరెంటు 13 యాంపులే. అది రోజూ పోయే కరెంటే, కాకపోతే పోకూడని వేళ పోయింది. దాన్ని పట్టుకోవడం ఎంసీబీ పని కాదు.

ఇక ఆపాల్సిన ఆ మూడింటి సంగతి. పీఐడీ 70 దాటగానే అవుట్‌పుట్ సున్నా చేసింది, 12 వోల్టులు పోయాయి. హై-టెంపరేచర్ అలారం రిలే 80 దగ్గర కొట్టింది. దాని కాంటాక్టు ఎస్ఎస్ఆర్‌లకు వెళ్లే అదే 12 వోల్టుల వైరులో సిరీస్‌గా ఉంది. అప్పటికే ఖాళీగా ఉన్న వైరును అది ఇంకోసారి తెంపింది. తలుపు మీద ‘హీటర్ ఆన్-ఆఫ్’ అని రాసిన రోటరీ స్విచ్ కూడా ఆ వైరులోనే! కుర్రాడు దాన్ని తిప్పాడు. అది మూడోసారి తెంపింది. మూడూ తక్కువ వోల్టేజి వైపు కాపలా కాశాయి. 230 వోల్టులు షార్ట్ అయిన ట్రయాక్‌లోంచి నేరుగా నడిచిపోయాయి.

మేస్త్రీ ఇలా ఎందుకు కట్టాడో అర్థం చేసుకోవచ్చు. 12 వోల్టుల సన్న వైరు, చిన్న స్విచ్, ముట్టుకున్నా షాకు కొట్టదు, పని తేలిక. మామూలు రోజుల్లో స్విచ్ తిప్పితే హీటర్ ఆగుతుంది కూడా. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో రిలే బోర్డులు కొనుక్కుని ఇంట్లో గీజర్‌నీ మోటారునీ ఫోన్‌తో నడిపే కుర్రాళ్లు కూడా సరిగ్గా ఇలాగే కడతారు. అంతా కోడ్‌లో ఉంటుంది. కోడ్ ఆపమంటే ఆగుతుందన్న నమ్మకం.

నన్ను ఇంకా భయపెట్టింది వేరే. ఆ తలుపు స్విచ్ ఆఫ్ చేసి, హీటర్ ఆగిందనుకుని, ఫిన్ హీటర్ మార్చడానికి ఎవరైనా చెయ్యి పెట్టి ఉంటే? ఎస్ఎస్ఆర్ బాగున్నా సరే, ఆఫ్‌లో ఉన్న ఎస్ఎస్ఆర్ ఫేజును విడదీసినట్టు కాదు. లోపల ట్రయాక్‌కు అడ్డంగా స్నబ్బర్ ఉంటుంది, రెసిస్టర్‌తో కలిపిన కెపాసిటర్. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరైతే 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు 7 మిల్లీయాంపులు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. చేతిని ఝాడించి కొట్టడానికి అది చాలు. ఈ లీకేజీ వల్లే ఇంకో తమాషా కూడా జరుగుతుంది. హీటర్ వైరు విప్పేసి, ఆఫ్‌లో ఉన్న ఎస్ఎస్ఆర్ అవుట్‌పుట్ దగ్గర టెస్టర్ పెడితే వెలుగుతుంది, మీటరు 200 పైన చూపిస్తుంది. చూసినవాళ్లు ‘పోయింది’ అని మంచి ఎస్ఎస్ఆర్‌ను పారేస్తారు. హీటర్ కలిపి ఉంచి చూడాలి, లేదా 100 వాట్ల బల్బు ఒకటి లోడుగా తగిలించి చూడాలి. ఆఫ్‌లో బల్బు వెలగకుండా, ఆన్‌లో వెలిగితే ఎస్ఎస్ఆర్ బాగున్నట్టే.

అది ఎందుకు పోయింది

మూడు ఎస్ఎస్ఆర్‌లనూ వరసగా ఒకే ఇనప ప్లేటు మీద బిగించారు, ప్యానెల్ లోపలి మౌంటింగ్ ప్లేటు మీదే. థర్మల్ పేస్ట్ లేదు. ప్యానెల్‌కు గాలి రంధ్రాలు లేవు. పైగా ప్యానెల్‌ను బోర్మా పక్క గోడకే తగిలించారు. వేడెక్కాక ప్యానెల్ లోపలి గాలి 58 డిగ్రీలుంది.

ఎస్ఎస్ఆర్ ఆన్‌లో ఉన్నప్పుడు దాని మీద వోల్టు చిల్లర డ్రాప్ ఉంటుంది. 1.2 అనుకుందాం. 13 యాంపులకు 15.6 వాట్లు. మూడింటికీ కలిపి 47. ఓ సోల్డరింగ్ ఐరన్‌ను మూసిన డబ్బాలో పెట్టి వదిలేసినట్టే. ఇనుము వేడిని అల్యూమినియంలో నాలుగో వంతు కూడా మోయదు, కాబట్టి వేడి ప్లేటంతా పాకకుండా ఎస్ఎస్ఆర్‌ల కిందే పోగుపడుతుంది. పక్కలవాటికి ఒకవైపైనా తెరిపి ఉంది. మధ్యదానికి అదీ లేదు. పాత ప్లేటు మీదే కొత్తది బిగించి, మధ్య ఎస్ఎస్ఆర్ స్క్రూ కింద వేడి కొలిచే థర్మోకపుల్ కూర్చోబెట్టి, వేడెక్కే దశలో నిండు లోడు మీద వదిలితే కాసేపటికి బేస్ 98 డిగ్రీలు చూపించింది. అక్కడితో ఆపేశాను.

పోయినదాన్ని పగలగొట్టి చూశాను. లేబుల్ మీద 25 యాంపులని ఉంది. లోపలి ట్రయాక్ మీద బీటీఏ16 అని. అది 16 యాంపుల ట్రయాక్. చిప్పు నుంచి దాని కేసు వరకు వాట్‌కు 2 డిగ్రీల పైచిలుకు అడ్డం ఉంటుంది. 98కి ఇంకో 33 కలపండి. చిప్పు దగ్గర 130 దాటింది, దాని హద్దు 125. ప్రతి రోజూ రెండు మూడుసార్లు హద్దు దాటి వేడెక్కి చల్లారుతున్న చిప్పు ఒక సీజన్ నిలిచిందంటే అదే ఎక్కువ. మార్కెట్‌లో పేరున్న బ్రాండ్ల అచ్చుతో ఇలాంటివి గుట్టలుగా దొరుకుతున్నాయి. తూకం చూస్తే కొంత తెలుస్తుంది, అడుగున రాగిబేస్ ఉందా పల్చటి అల్యూమినియం రేకా అని చూస్తే ఇంకొంత తెలుస్తుంది. నా పద్ధతి ఒక్కటే. లేబుల్ అంకెలో సగం కన్నా ఎక్కువ లోడు వెయ్యను, ఎక్కడ కొన్నా సరే.

ఇంకో సంగతి, రాత్రిపూట అక్కడ వోల్టేజి 250 వరకు లేస్తుంది. హీటర్ పవర్ వోల్టేజి వర్గంతో పెరుగుతుంది, కాబట్టి 9 కిలోవాట్లు 10.6 అవుతాయి, ఫేజుకు 14 యాంపులు దాటుతుంది. లెక్క 230తో మొదలుపెట్టినా చివరికి 250తో సరిచూసుకోవాలి.

కొత్తగా కట్టినది

వై ఫేజుకు ఒక్క ఎస్ఎస్ఆర్ వేసి ఆ మధ్యాహ్నం బోర్మా నడపనిచ్చాను. కానీ ఒక షరతు పెట్టాను, మనిషి పక్కనే ఉండాలి, 80 దాటితే మెయిన్ లాగాలి. సెలవు రోజు చూసుకుని ప్యానెల్ మొత్తం విప్పాం.

మొదట ప్యానెల్‌ను బోర్మా మీంచి తీసి ఎదురు గోడకు మార్చాం. అన్నిటికన్నా చవకైన మార్పు, అన్నిటికన్నా ఎక్కువ లాభం. ఎస్ఎస్ఆర్‌లు 40 యాంపులవి, జంట ఎస్‌సీఆర్ రకం, 480 వోల్టుల లైనుకు పనికొచ్చేవి. ఒక్కోదానికీ విడిగా వాట్‌కు 1.1 డిగ్రీల అల్యూమినియం హీట్‌సింక్. రెక్కలు నిలువుగా, ప్యానెల్ వెనకవైపు బయటికి. పేస్ట్ సన్నగా, కాగితమంత. దట్టంగా పూస్తే అదే అడ్డమవుతుంది. ఇప్పుడు నిండు లోడు మీద బేస్ 61 డిగ్రీలు దాటడం లేదు. ఒక్కో ఫేజుకు చాలా త్వరగా తెగే సెమీకండక్టర్ ఫ్యూజు, దాని ఐ-స్క్వేర్-టీ (తెగేలోపు అది పోనిచ్చే కరెంటు, సమయాల లెక్క) ఎస్ఎస్ఆర్ డేటాషీట్‌లో ఉన్నదానికన్నా తక్కువ ఉండేలా చూసుకున్నాను. హీటర్ బాడీకి షార్టయితే సీ-కర్వ్ ఎంసీబీ పడేలోపే ఎస్ఎస్ఆర్ పోతుంది. ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఎస్ఎస్ఆర్‌ను కాదు. ఫ్యూజులు ఖరీదెక్కువని యజమాని నసిగారు. ఎస్ఎస్ఆర్ పోతే పోయేదేమిటో చూశారు కాబట్టి ఎక్కువసేపు నసగలేదు.

అసలు మార్పు ఎస్ఎస్ఆర్‌లకు ముందు. మూడు ఫేజుల మీద ఒక కాంటాక్టర్ వచ్చింది. మళ్లీ కాంటాక్టరా అని అడిగారు. అవును, కానీ ఇది రోజూ కొట్టుకునేది కాదు. పొద్దున ఆన్ అయితే బ్యాచ్ అయ్యాకే ఆఫ్. వేడిని దిద్దే పని ఎస్ఎస్ఆర్‌ది, తెంపే పని కాంటాక్టర్‌ది. దాని కాయిల్ 24 వోల్టుల డీసీ. ఆ కాయిల్‌కు వెళ్లే దారిలో ఒకదాని వెనక ఒకటిగా ఎమర్జెన్సీ స్టాప్ పుట్టగొడుగు బటన్, బోర్మా తలుపు లిమిట్ స్విచ్, బ్లోయర్ ఓవర్‌లోడ్ రిలే కాంటాక్టు, గాలి ఆడుతోందో లేదో చూసే ప్రెషర్ స్విచ్, చివరికి చేత్తో రీసెట్ చేసే క్యాపిలరీ థర్మోస్టాట్. ఏ ఒక్కటి తెరుచుకున్నా కాంటాక్టర్ పడిపోతుంది, మూడు ఫేజులూ గాల్లో తెగుతాయి. ఎస్ఎస్ఆర్ షార్టా, పీఐడీ తిక్కగా ప్రవర్తించిందా, సెన్సర్ ఊడిందా అన్నదానితో ఈ దారికి పని లేదు.

క్యాపిలరీ థర్మోస్టాట్‌ను ఎందుకు ఎంచుకున్నానంటే దానికి కరెంటు అక్కర్లేదు, ప్రోగ్రాము లేదు. బల్బులో ద్రవం వ్యాకోచిస్తుంది, డయాఫ్రం తోస్తుంది, కాంటాక్టు విడిపోతుంది. దాని బల్బును పీఐడీ సెన్సర్ పక్కన పెట్టలేదు. ఆ సెన్సర్, పీటీ-100, ట్రేల దగ్గర ఉంటుంది. థర్మోస్టాట్ బల్బును హీటర్లు దాటి గాలి బయటికొచ్చే చోట పెట్టి 95కి సెట్ చేశాను. బ్లోయర్ బెల్టు తెగితే ట్రేల దగ్గర వేడి పెరగదు, తగ్గుతుంది. పీఐడీ ఇంకా కావాలంటూ 100 శాతం ఇస్తుంది, హీటర్లు గాలి లేక ఎర్రబడతాయి. మోటారు తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఓవర్‌లోడ్ రిలేకి ఇది తెలియదు. ప్రెషర్ స్విచ్ అందుకే. దాని కాంటాక్టు కూడా అతుక్కుపోతే చివరికి థర్మోస్టాట్.

బోర్మా తలుపు లిమిట్ స్విచ్‌కు పాత ప్యానెల్‌లో నేరుగా 230 వచ్చేది. అక్కడ పనిచేసేది ఆవిరి గది నుంచి తడి చేతులతో వచ్చే మనుషులు. 24 వోల్టుల మీదికి మార్చడానికి ఇంకో కారణం అక్కర్లేదు.

ఈ డీసీ వైర్ల రంగు దగ్గర ఓ మాట. అంతర్జాతీయ పద్ధతిలో డీసీ కంట్రోల్‌కు నీలం రంగు వాడతారు. మన దగ్గర ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులు. నీలం వైరు చూడగానే బీ ఫేజు అనుకునే చేతులే ఎక్కువ. అందుకే 24, 12 వోల్టులకు బూడిదరంగు వైరు వాడి, రెండు కొసలా ఫెరూల్ నంబర్లు వేసి, వేరే డక్ట్‌లో నడిపించాను. పాత ప్యానెల్‌లో అవి హీటర్ వైర్లతో ఒకే డక్ట్‌లో ఉండేవి. ఎస్ఎస్ఆర్ లోపల వెలుతురుతో వేరు చేసిన రెండు వోల్టేజీలను డక్ట్‌లో పక్కపక్కన పడుకోబెడితే, ఒక వైరు తొక్క కరిగినా చాలు, 12 వోల్టుల వైపు 230 వచ్చి కూర్చుంటుంది.

మూడు ఎస్ఎస్ఆర్ ఇన్‌పుట్‌లనూ ప్యారలల్‌లోనే కలిపాను. సిరీస్ చేస్తే 12 వోల్టులు మూడు ముక్కలై ఒక్కోదానికి 4 మాత్రమే అందుతాయి, కొన్ని మోడళ్లు అక్కడ తడబడతాయి. ప్యారలల్ అయితే కరెంటు మూడింతలు, పీఐడీ అవుట్‌పుట్ మోయగలదో లేదో చూసుకోవాలి. ఇక్కడ లోడు మీద 9 వోల్టుల పైన నిలబడింది, చాలు. ఆ వైరులో కాంటాక్టర్ సహాయక కాంటాక్టును కూడా పెట్టాను. కాంటాక్టర్ కలిశాకే ఎస్ఎస్ఆర్ వెలుగుతుంది, కాబట్టి కాంటాక్టర్ పాయింట్లు ఖాళీగా కలుస్తాయి.

న్యూట్రల్ చెప్పే కబురు

ఎస్ఎస్ఆర్ షార్టయితే థర్మోస్టాట్ 95 దగ్గర ఆపుతుంది. కానీ అప్పటికే సరుకు కొంత పాడవుతుంది. ఇంకా ముందే తెలియాలి. మామూలుగా ఫేజుకో సీటీ (కరెంటు కొలిచే ట్రాన్స్‌ఫార్మర్) పెట్టి, ఆఫ్‌లో కరెంటు పోతోందా అని చూసే కంట్రోలర్లున్నాయి. ఖరీదు ఎక్కువ. ఇక్కడ న్యూట్రల్ ఉన్న స్టార్ కనెక్షన్ కాబట్టి ఒక్క సీటీతో పని అయిపోయింది.

మూడు ఫేజుల్లోనూ సమానంగా 13 యాంపులుంటే న్యూట్రల్‌లో దాదాపు సున్నా. మూడూ ఆఫ్‌లో ఉన్నా సున్నా. ఒక్క ఎస్ఎస్ఆర్ షార్టయి మిగతా రెండు ఆఫ్‌లో ఉంటే ఆ 13 యాంపులూ న్యూట్రల్‌లోంచే తిరిగి పోవాలి. ఒక ఫిన్ హీటర్ తెగిపోతే ఆన్‌లో ఉన్నప్పుడు ఆరున్నర యాంపులు కనిపిస్తాయి. న్యూట్రల్ మీద ఒక కరెంటు రిలే పెట్టి, 4 యాంపులు, 5 సెకన్ల ఆలస్యం సెట్ చేశాను. ఫేజుల మధ్య వోల్టేజి తేడాలకి పోయే అరా కొరా కరెంటుకు అది కదలదు.

2 సెకన్ల సైకిల్‌లో 5 సెకన్లు వరసగా కరెంటు ఎక్కడ ఉంటుంది అని అనుమానం రావచ్చు. షార్టయినప్పుడు వేడి సెట్‌పాయింట్ దాటుతుంది, పీఐడీ పూర్తిగా సున్నాకు పోతుంది, అప్పటినుంచి న్యూట్రల్‌లో 13 యాంపులు ఆగకుండా ఉంటాయి. రిలే పట్టుకుంటుంది. హీటర్ తెగినదైతే పొద్దున వేడెక్కే దశలో, 100 శాతం నడిచేటప్పుడు, ఆరున్నర యాంపులు ఆగకుండా ఉంటాయి. అప్పుడు పట్టుకుంటుంది. మూడు ఎస్ఎస్ఆర్‌లూ ఒకేసారి షార్టయితే మాత్రం దీనికి కనపడదు. దానికి థర్మోస్టాట్ ఉంది.

ఈ రిలేని కూడా కాంటాక్టర్ దారిలో పెడదామన్నాను. యజమాని ఒప్పుకోలేదు. ఒక హీటర్ తెగినందుకు ట్రేల నిండా పప్పున్న బ్యాచ్ ఆపడం కుదరదన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. అందుకే ఇది హూటర్‌ను మాత్రమే మోగిస్తుంది, హూటర్ కుర్రాడు పడుకునే మూలలో ఉంది.

ప్యానెల్ తలుపు మీద ఒక్కో ఫేజు హీటర్‌కు అడ్డంగా ఒక్కో దీపం కూడా పెట్టాను. హీటర్ 17.6 ఓములే కాబట్టి ఎస్ఎస్ఆర్ లీకేజీకి దీపం వెలగదు. మూడు దీపాలూ కలిసి మిటుకుతుంటే అంతా బాగున్నట్టు. ఒకటి మిగతావాటితో ఆరకుండా నిండుగా వెలుగుతూ ఉండిపోతే ఎస్ఎస్ఆర్ షార్టు. ఆరాల్సినప్పుడు ఆరకుండా మసకగా వెలిగితే ఆ ఫేజు హీటర్లు రెండూ తెగాయి. ఇది కుర్రాడికి ఒక్కసారి చూపిస్తే చాలింది.

సీజన్ మొదట్లో

ఖాళీ నెలల తర్వాత మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎర్త్‌కు కారితే పడే బ్రేకర్, పడింది. ట్యూబు హీటర్లలో ఉండే మెగ్నీషియం ఆక్సైడ్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో చూస్తే రెండు హీటర్ల ఇన్సులేషన్ బాగా పడిపోయింది. ‘పీఐడీని మాన్యువల్‌లో 10 శాతం పెట్టి నెమ్మదిగా ఆరబెడదాం’ అన్నాడు అక్కడి ఎలక్ట్రీషియన్. వినడానికి బాగుంది గానీ పనిచెయ్యదు. ఎస్ఎస్ఆర్ తగ్గించేది సమయాన్నే, వోల్టేజిని కాదు. ఆన్ అయిన ప్రతి వేవ్‌లోనూ 325 వోల్టుల శిఖరం అలాగే ఉంటుంది, ఆర్‌సీసీబీ అలాగే పడుతుంది. ఆ రెండు హీటర్లను విడదీసి, మిగతా నాలుగింటితో బోర్మాను ఖాళీగా నడిపాం. ఆ వేడి గాలికి అవి ఆరాక మెగ్గర్ మళ్లీ పైకి లేచింది, అప్పుడు కలిపాం. ఆర్‌సీసీబీని బైపాస్ చేద్దామన్న సలహా కూడా వచ్చింది. దానికి జవాబు చెప్పలేదు.

నెలకోసారి చేయమని ఒక కాగితం రాసి ప్యానెల్ లోపల అంటించాను. బోర్మా 70 దగ్గర నడుస్తుండగా థర్మోస్టాట్ నాబ్‌ను మెల్లగా కిందికి తిప్పాలి, కాంటాక్టర్ పడాలి. పడకపోతే ఆ రోజు సరుకు ఎక్కించకూడదు. మళ్లీ 95కి పెట్టి, చేత్తో రీసెట్ నొక్కాలి. క్లాంప్ మీటర్ న్యూట్రల్‌కు తగిలించి చూడాలి. ఎస్ఎస్ఆర్ లగ్గుల స్క్రూలు పవర్ తీసి బిగించాలి, ఎందుకంటే వదులైన లగ్గు చేసే వేడి హీట్‌సింక్ లెక్కలన్నీ తలకిందులు చేస్తుంది.

ఇంకా కుదుటపడనిది ప్రెషర్ స్విచ్. పప్పు మీద ఊడే సన్నపొర గాలిలో ఎగిరి దాని ట్యూబులోకి చేరుతోంది. మూసుకుపోతే బ్లోయర్ బాగానే ఉన్నా కాంటాక్టర్ పడుతోంది, బ్యాచ్ మధ్యలో విసుగు. ట్యూబు మూతిని గాలి వాలుకు తిప్పి, చిన్న స్టీలు జాలీ బిగించాం. ప్రస్తుతానికి వారానికోసారి ఊది శుభ్రం చేస్తున్నారు. ఆ స్విచ్‌ను షార్ట్ చేసి పెడతామని ఎలక్ట్రీషియన్ అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటాడు. వద్దంటున్నాను. రేకు కదిలే రకం ఎయిర్‌ఫ్లో స్విచ్ ఒకటి తెప్పించి వచ్చే విరామంలో మార్చాలి.